శేరు మరమరాలు, శేరు బెల్లం

రత్నకుంభ రాజ్యానికి తూర్పు పొలిమేరలో, మబ్బులను కావడి వేసుకుని మోస్తున్నట్టు నిలబడి ఉంటుంది తక్కెడకొండ. దానికి రెండు శిఖరాలు. ఒకటి మందారంలా ఎర్రన, ఒకటి కాటుకలా నల్లన. రెండింటి నడుమ అడుగు కనబడని లోయ. లోయలో నుంచి పొగలు, పొగల్లో నుంచి పేరు తెలియని పక్షుల కూతలు. ఆ లోయ మీద ఒకే ఒక తాళ్ల వంతెన ఊగుతూ ఉంటుంది.

వంతెన మొదట్లో ఒక రాక్షసుడు కాలు మీద కాలు వేసుకుని ఏనుగు ఎముకతో పళ్లు కుట్టుకుంటున్నాడు. వాడి ఎదుట ఒక ముసలి పంతులు వచ్చి నిలబడ్డాడు. నాభి దాకా తెల్లగడ్డం, నెత్తి మీద మనిషి ఎత్తు మూట, నడుముకు చిన్న మూట, చేతికి వేలాడే తక్కెడ.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు రాక్షసుడు.

"పంతుల్ని బాబూ. పిల్లలకు తూనికలూ కొలతలూ నేర్పేవాడు కావాలని మీ దొర కాకుల చేత చాటింపు వేయించాడు కదా!"

"ఓహో, నువ్వేనా! పో అయితే. కానీ ఆ పెద్ద మూట ఇక్కడ దింపు. దాంతో ఎక్కావంటే వంతెన పుటుక్కున తెగుద్ది. నడుముకున్న బుల్లి మూట తీసుకుపో, చాలు."

పంతులు గడ్డం దువ్వుకున్నాడు. "దింపుదును గానీ బాబూ, నా వల్ల కావడం లేదు. తమరు దింపుతారా? వద్దులెండి, తమరి వల్ల కూడా కాదు. మొన్న ఇద్దరు పహిల్వాన్లు పట్టుకుని చతికిలబడ్డారు."

"నా వల్ల కాదా! నా వల్లనా!"

రాక్షసుడు లేచాడు. లోయకు వీపు పెట్టి నిలబడ్డాడు. అరచేతుల్లో ఉమ్ముకుని, కాళ్లు ఎడంగా పెట్టి, పళ్లు బిగించి, కొండను పెకలించేటంత బలంతో మూటను తన వైపు గుంజాడు. మూట దూదిపింజలా లేచి వచ్చింది. వాడి బలమంతా వాడినే వెనక్కి తోసింది. "ఓరి నాయనోయ్!" అంటూ వెల్లకిలా లోయలోకి పోయాడు. ఆ కేక అడుగుకు చేరేలోగా పంతులు వంతెన అంచున పడ్డ మూట ఎత్తుకుని సగం దూరం పరుగెత్తాడు.

ఆ పరుగు ముసలివాడిది కాదు. జనపనార గడ్డం పక్కకు జారితే బయటపడిన ముఖానికి పద్దెనిమిదేళ్లు. ఆమె పేరు మొగిలి. పేలపాడులో మరమరాల భట్టీ వాళ్ల పెద్దపిల్ల. నెత్తి మీద మూటలో ఉన్నవి మరమరాలు. నడుముకున్న దాంట్లో బెల్లం, గుప్పెడు మరమరాల బియ్యం, కాస్త వేయించే ఇసుక, శేరు గిన్నె, శేరు రాయి.

పది రోజుల కిందట మాంత్రికుడు కాలధూముడు పేలపాడు మీదికి సుడిగాలిలా వచ్చి ఎనిమిది మంది పిల్లలను ఎత్తుకుపోయాడు. వారిలో మొగిలి చెల్లెలు చివురి ఉంది. తొమ్మిదేళ్లది. భట్టీ దగ్గర వేడి ఇసుక జల్లెడ పడుతుండగానే మాయమైంది.

కాలధూముడికి కనబడకుండా పోయే విద్య వచ్చు. కానీ ఆ విద్యలో ఒక లోపం ఉంది. కంటికి కనబడడు, అంతే. నడిస్తే నేల మీద అడుగులు పడతాయి, కూర్చుంటే మంచం కిర్రుమంటుంది. ఆ అడుగుల జాడ పట్టుకునే రాజుగారి భటులు రెండుసార్లు వాడిని బంధించారు. ఆ లోపం పోవాలంటే వాడికి లఘుమణి కావాలి. అది మెడలో వేసుకున్నవాడికి బరువే ఉండదట. ఇక వాడిని పట్టగల మొనగాడు పద్నాలుగు లోకాల్లో ఉండడు. ఆ మణి తక్కెడకొండ గుహలో, మాట్లాడే ద్వారం వెనుక ఉంది. ద్వారం రోజూ సూర్యాస్తమయానికి ఒక ప్రశ్న అడుగుతుంది. పన్నెండేళ్ల లోపు పిల్లలు జవాబు చెబితేనే వింటుంది. తప్పు చెప్పిన పిల్ల శిల అవుతుంది.

మొగిలి గడ్డం సరిచేసుకుంది. ఎదుట గుహ నోరు తెరిచి ఉంది.

గుహ గోడలు వైడూర్యాల కాంతితో నెమలికంఠం రంగులో మెరుస్తున్నాయి. ఆ మెరుపుల నడుమ అడ్డంగా గొలుసు కట్టిన ఒక మూలన పిల్లలు ముడుచుకుని కూర్చున్నారు. మొగిలి లెక్కపెట్టింది. ఆరుగురే! మిగిలిన ఇద్దరు గోడవారగా నిలబడి ఉన్నారు, బూడిదరంగు రాళ్లై. ఒకడి నోరు ఇంకా ఏదో మాట అంటున్నట్టే తెరుచుకుని ఉంది.

"వచ్చావా పంతులూ!" ఖాళీగా ఉన్న సింహాసనంలో నుంచి గొంతు వినిపించింది. మరుక్షణం నల్లటి పొగలాంటి ఉత్తరీయంతో కాలధూముడు ప్రత్యక్షమయ్యాడు. "విను. ద్వారం అడిగేది ఒకటే ప్రశ్న. శేరు మరమరాలు, శేరు బెల్లం, ఏది బరువు? ఇదిగో, వీడు బెల్లమన్నాడు. రాయయ్యాడు. అదిగో, అది రెండూ సమానమంది. అదీ రాయయింది. ఇక మిగిలింది మరమరాలే కదా! ఇవాళ ఈ పిల్ల చేత మరమరాలే బరువని చెప్పిస్తాను."

వాడి వేలు చివురి వైపు చూపిస్తోంది.

మొగిలి అడుగు ముందుకు వేయబోయి ఆపుకుంది. మరమరాలు వేయించే ఇంట్లో పుట్టిన పిల్లకు తెలియదా, మరమరాలు బరువు కావని! ఆ మాట అన్న మరుక్షణం చివురి మూడో శిల అవుతుంది. మరి బెల్లమూ కాక, సమానమూ కాక, మరమరాలూ కాక, జవాబు ఏమిటి?

"దొరా, తొందరపడకండి," అంది గొంతు బొంగురు చేసి. "పొద్దు కుంకడానికి ఇంకా వ్యవధి ఉంది. పిల్లలకు నేర్పే పని నాకు వదలండి. నీళ్లు, ఉప్పు, కాసిని ఉసిరికాయలు, ఒక బాణలి, రెండు చెంబులు, పొయ్యిలో నిప్పు ఇప్పించండి."

"పాఠం చెబుతావా, వంట చేస్తావా?"

"నా దగ్గర రెండూ ఒకటే దొరా!"

మాంత్రికుడు విసుక్కుంటూ వెళ్లిపోయాడు, లేదా వెళ్లిపోయినట్టు మాయమయ్యాడు. మొగిలి తెచ్చుకున్న ఇసుకలో కాస్త బాణలిలో పోసి, మిగిలింది గుహ నేల మీద పల్చగా చల్లింది. బాణలిలో ఇసుక కాగింది. మరమరాల బియ్యం గుప్పెడు తీసి, తక్కెడలో తూచి, వేడి ఇసుకలో వేసి గరిటె తిప్పగానే గింజలు టపటపా ఎగిరి మల్లెమొగ్గల్లా ఉబ్బాయి.

ఆ వాసనకు చివురి తల ఎత్తింది. పంతులు గరిటె తిప్పే చెయ్యి వైపు చూసింది. బొటనవేలు పక్కన పాత కాలిన మచ్చ! చివురి కళ్లు పెద్దవయ్యాయి, నోరు తెరుచుకుంది. పంతులు పెదవి మీద వేలు పెట్టాడు.

"పంతులుగారూ," అంది చివురి, "మీ గడ్డం... చాలా బాగుందండీ."

"నీ జడ కూడా బాగుందిలే. పేలు చూసే దిక్కు లేదు పాపం! ఇలా రండి అందరూ. ఇవి మీరు ఇందాక చూసిన గుప్పెడు బియ్యమే. ఇప్పుడెన్ని గుప్పెళ్లు?"

"ఏడు! ఎనిమిది!" పిల్లలు ఎగబడ్డారు.

"బరువు పెరిగిందా మరి?"

"పెరగదా ఏంటండీ, ఇంత పెద్దదైతే!" అన్నాడు దుగ్గన అనే బొద్దుపిల్లవాడు. వేయించకముందు బియ్యానికి సరితూగిన రాళ్లే తక్కెడలో ఒక వైపు వేసి, రెండో వైపు మరమరాలు పోసింది మొగిలి. కాస్త తడి ఆరిన తేడా తప్ప తక్కెడ సరిగ్గానే నిలిచింది. దుగ్గన తక్కెడ కిందికి వంగి చూశాడు, ఎవరైనా వేలు పెట్టి పట్టుకున్నారేమోనని.

"గింజ ఒళ్లు విరుచుకుని ఎక్కువ చోటు ఆక్రమించింది. అంతేగానీ లోపల సరుకు పెరగలేదు. చోటు వేరు, బరువు వేరు. ఇప్పుడు ఈ ఉసిరికాయ చూడండి." నిండుగా నీళ్లున్న చెంబులో ఉసిరికాయ వేసింది. నీళ్లు పొర్లాయి. "ఎందుకు పొర్లాయి?"

"కాయకు చోటు కావాలి కదండీ! నీళ్లు లేచి వెళ్లాయి," అంది చివురి. "పెళ్లిలో పెద్దవాళ్లొస్తే మనల్ని బల్ల మీంచి లేపేసినట్టు."

పిల్లలు పది రోజుల తరువాత మొదటిసారి నవ్వారు.

మొగిలి ఇంకో చెంబు నీళ్లు తూచింది. అందులో ఉప్పు వేసి కలిపింది. "ఉప్పు కనబడుతోందా?"

"లేదు! మాయమైపోయింది!"

"తూచండి మళ్లీ."

చెంబున్న వైపు కిందికి దిగింది. చివురి ఆశ్చర్యంతో చేతులు చరిచింది. "ఉప్పు దాక్కుంది గానీ, బరువును దాచుకోలేకపోయింది!"

"మర్చిపోకు ఆ మాట," అంది మొగిలి మెల్లగా. "సరే, ఇప్పుడు అసలు సంగతి. దుగ్గనా, శేరు మరమరాలు తేరా! చివురీ, నువ్వు శేరు బెల్లం తే!"

దుగ్గన ఇత్తడి శేరు గిన్నె తీసి మరమరాల్లో ముంచి, తల కొట్టి అంచుకు సమం చేసి తెచ్చాడు. చివురి శేరు రాయి తక్కెడలో వేసి బెల్లం తూచి తెచ్చింది. ఇద్దరూ పరుగెత్తుకుని వచ్చి ముందర పెట్టారు.

మొగిలి చెయ్యి గాలిలోనే ఆగిపోయింది.

తాను అన్నది ఒకటే మాట, శేరు. ఒకరు గిన్నె ఎత్తారు, ఒకరు తక్కెడ ఎత్తారు! పేలపాడు సంతలో రోజూ జరిగేదే ఇది. మరమరాలు కొలుస్తారు, బెల్లం తూస్తారు. రెండింటికీ శేరు అనే అంటారు. ఎవరూ వివరం అడగరు. అలవాటు!

"పిల్లలూ! తెలిసింది! ద్వారానికి జవాబు చెప్పకూడదు, దాన్నే..."

ఇసుక కరకరలాడింది. నేల మీద, ఎవరూ లేని చోట, పెద్ద పెద్ద అడుగులు ఒకదాని వెంట ఒకటి పడుతున్నాయి. మొగిలి వెనక్కి గెంతేలోగా గాలిలో నుంచి ఒక చెయ్యి వచ్చి గడ్డం పట్టుకుని గుంజింది. జనపనార ఊడి వచ్చింది.

"పంతులమ్మా!" కాలధూముడు ప్రత్యక్షమై గుహ అదిరేలా నవ్వాడు. "పొద్దుగుంకుతోంది. చదువు చాలు!" వాడి వేలి నుంచి నల్లటి పొగ పాములా వచ్చి మొగిలి నోటిని చుట్టుకుంది. నాలుక కొయ్యబారింది. మాట లేదు, కేక లేదు. చివురిని జుట్టు పట్టుకుని ఈడ్చుకుపోతూ వాడు అన్నాడు, "ఆ మూట కూడా మోసుకురా. సరుకు చూపిస్తే ద్వారం త్వరగా నమ్ముతుందేమో!"

మొగిలి తూచిన బెల్లం నడుము మూటలో కట్టుకుని, మరమరాల మూట నెత్తిన పెట్టుకుని వెంట పరుగెత్తింది.

ద్వారం ఏడు తాటిచెట్ల ఎత్తు ఇనుము. దాని మీద గుమ్మడికాయలంత కళ్లున్న రాతి ముఖం. పడమటి సందులో నుంచి ఆఖరి ఎరుపు కిరణం దాని నుదుటిని తాకగానే రాతి పెదవులు కదిలాయి.

"శేరు మరమరాలు. శేరు బెల్లం. ఏది బరువు?"

"చెప్పవే! మరమరాలని చెప్పు!" గద్దించాడు మాంత్రికుడు.

చివురి నోరు విప్పలేదు. ఆలస్యాన్ని ద్వారం సహించలేదు. పిల్ల కాలివేళ్లు బూడిదరంగుకు తిరిగాయి. రంగు మడమలకు పాకింది, పిక్కలకు పాకింది. చివురి ఏడుస్తూ అక్క వైపు చూసింది.

మొగిలి కుడిచేతిని దోసిలిలా చేసి గాలిలో ముంచి ఎత్తింది, గిన్నె ముంచినట్టు. ఎడమచేతిని పైకెత్తి పిడికిలి పట్టి ఊగించింది, తక్కెడ పట్టినట్టు. మళ్లీ గిన్నె. మళ్లీ తక్కెడ. కనుబొమలు ఎగరేసింది, ఏది అన్నట్టు.

"ముసలి వేషం పోయినా వణుకు పోలేదే!" అని నవ్వాడు కాలధూముడు.

రాయి చివురి మోకాళ్లు దాటింది. నడుముకు వచ్చింది. చివురి కళ్లు అక్క చేతుల మీద అటూ ఇటూ పరుగెత్తాయి. గిన్నె, తక్కెడ. దుగ్గన, తాను. ఉన్నట్టుండి ముక్కు ఎగపీల్చి, రాతి ముఖం వైపు తిరిగింది.

"తాతా! ముందు నువ్వు చెప్పు. కొలిచిన శేరా, తూచిన శేరా?"

చివురి నడుము దగ్గర రాయి పాకడం ఆగిపోయింది. రాతి కళ్లలో నుంచి రెండు నీటి చుక్కలు, కడవలంత చుక్కలు, జారి నేల మీద పగిలాయి.

"మూడు వందల ఏళ్లు..." అంది ద్వారం, ఈసారి మనిషి గొంతుతో. "మూడు వందల ఏళ్లుగా ఈ ఒక్క మాట ఎవరైనా అడుగుతారని చూస్తున్నాను తల్లీ! నేను సంతలో కొలగాణ్ణి, ధాన్యం కొలిచి పోసేవాణ్ణి. కరువు ఏట ఒక తల్లి పిల్లల కోసం శేరు తిండి అడిగింది. బియ్యం తూచి ఇవ్వవలసింది. మరమరాలు కొలిచి పోశాను. శేరు అన్నావు, శేరు పోశాను, మాట తప్పలేదు అన్నాను. ఆమె ఉసురే నన్ను ద్వారం చేసింది. అడిగినదానివి నువ్వే. పో, లోపలికి పో!"

ఇనుప తలుపులు భళ్లున తెరుచుకున్నాయి. చివురి నడుము మీది రాయి పెచ్చులుగా రాలిపోయింది. వెనుక గుహలో నుంచి రెండు గొంతులు ఒకేసారి వినిపించాయి. "బెల్లం!" "రెండూ సమానం!" శిలలైన పిల్లలిద్దరూ ఆపిన చోటు నుంచే మాట పూర్తిచేసి, తెల్లబోయి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. మొగిలి నోటిని చుట్టిన పొగ కూడా విడిపోయింది.

కానీ కాలధూముడు లేడు. ఉన్నచోటు ఖాళీ.

"దుగ్గనా! పిల్లలందర్నీ వంతెన దాటించు! చివురీ, రా! వాడికంటే ముందు మణి మనకు దొరకాలి!"

ద్వారం అవతల, వెయ్యి దీపాలు వెలిగించినట్టున్న పెద్ద మండపం. నేల లేదు. కింద ఎర్రగా అగ్నిగుండం కుతకుతలాడుతోంది. మండపం కప్పు నుంచి ఏనుగుల్ని తూచగలంత తక్కెడ వేలాడుతోంది. ఒక పళ్లెంలో గుండ్లు, రెండోది గంగాళంలా లోతైనది, ఖాళీగా, గట్టుకు కొక్కెంతో తగిలించి ఉంది. కప్పులో, గూటిలో, వెన్నెల చుక్కలా లఘుమణి మెరుస్తోంది.

"గుండ్లు ఎనిమిది మణుగులు," అని ద్వారం వెనుక నుంచి చెప్పింది. "ఎక్కినవాళ్లు అంతకు తేలికైతే పళ్లెం పైకి, మణి దగ్గరికి. బరువైతే కిందికి, నిప్పుల్లోకి!"

మొగిలి మనసులోనే తూచింది. తాను, చివురి కలిసినా ఆరు మణుగులు మించరు. మరమరాల మూట బరువే కాదు. ఆపద వస్తే పనికొస్తుందని దాన్నీ లోపల పడేసి, చెల్లెల్ని ఎత్తి పళ్లెంలోకి దూకింది. గొలుసు జలజలలాడింది. కొక్కెం ఊడి పళ్లెం గట్టు వదిలింది.

పైకి లేవలేదు.

ఒక్క క్షణం నిలబడి, మెల్లగా, నిప్పుల వైపు దిగసాగింది.

"ఇదేమిటి! ద్వారం అబద్ధం చెప్పిందా?" మొగిలి అంచు పట్టుకుంది. వేడి ముఖాన్ని కొడుతోంది. ఒక మూర. రెండు మూరలు.

చివురి పళ్లెం అంతా చూసింది. అక్క, తాను, మూట. ఇంకేమీ లేదు. ఉన్నట్టుండి అక్క పంచె చెంగు పట్టుకుని గుంజింది.

"అక్కా! ఉప్పు! నీళ్లలో ఉప్పు! మనతో ఎవడో ఉన్నాడు!"

పళ్లెంలో ఎక్కడో దగ్గరగా ఒక ఊపిరి బుస్సుమంది.

మొగిలి మూట మూతి ఒక్క గుంజుకు విప్పి తలకిందులు చేసింది. తెల్లటి మరమరాలు జలపాతంలా దూకి గంగాళమంతా పరుచుకున్నాయి, నడుము లోతున, అంచు నుంచి అంచు దాకా నిండిపోయాయి. ఒక్క చోట తప్ప. అక్కడ మరమరాలు నిలవలేదు. అక్కడ చోటు ముందే ఎవరిదో అయి ఉంది. ఆ ఖాళీకి ముడుచుకున్న రెండు మోకాళ్లు ఉన్నాయి, వంచిన వీపు ఉంది. మరమరాల్లో సొరంగంలా సాగుతూ ఒక చెయ్యి చివురి మెడ వైపు వస్తోంది.

మొగిలి నడుముకున్న మూట విప్పి బెల్లం అచ్చు రెండు చేతులా ఎత్తింది.

"ఇది తూచిన శేరు రా, కాలధూమా!"

ఆ ఖాళీకి నెత్తి ఎక్కడుంటుందో సరిగ్గా అక్కడికి గురిచూసి విసిరింది. "అబ్బా!" అన్న కేకతో ఆ ఖాళీ అంచు మీంచి నిప్పుల్లోకి దొర్లిపోయింది, పళ్లెం ఒక్క ఊపున మణి వైపు లేచింది.